ఇనన్నా పాతాళయాత్రను తెలుగులో చెప్పడం, పాడటం: సమగ్ర మార్గదర్శి

ప్రాచీన మెసొపొటేమియా సాహిత్యం, అంటే నేటి ఇరాక్ నేల మీద యూఫ్రటీస్, టైగ్రిస్ నదుల మధ్య సుమేరియన్, అక్కాదియన్ భాషల్లో పుట్టిన కథలూ స్తుతులూ విలాపాలూ, మనకు మట్టిపలకల మీద చేరినప్పటికీ చాలావరకు చెవి కోసం కట్టిన రచనలు. బాబిలోన్ నగరంలో కొత్త సంవత్సరపు పండుగ నాలుగో రోజు సాయంత్రం పెద్ద పూజారి ‘ఎనూమా ఎలిష్’ అనే సృష్టికావ్యాన్ని మొదటినుంచి చివరిదాకా మర్దుక్ దేవుడి ఎదుట పఠించాలని ఆ ఉత్సవ విధానం రాసిన పలకలు చెబుతున్నాయి. సుమేరియన్ స్తుతుల్లో చాలావాటి చివర అది ‘అదబ్’ అనో ‘తిగి’ అనో పాట రకం పేరు రాసి ఉంటుంది. నగరాల పతనం మీద కట్టిన విలాపాల్లోనైతే ఒక్కొక్క ఖండిక తరువాత బదులు పాడవలసిన పంక్తులను విడిగా గుర్తించి మరీ రాశారు. వీటిని వేదిక మీదికి తేవాలనుకునేవారు కొత్తగా కల్పించవలసినది తక్కువ. పాఠమే ఇస్తున్న సూచనలను గుర్తుపట్టి పాటించడంలోనే ఎక్కువ శ్రమ ఉంది.

ఈ మార్గదర్శి ఒక కథకుడు, ఇద్దరు వంతలు, ఒక తంత్రీవాద్యం, ఒక చిన్న తాళవాద్యం ఉన్న బృందాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినది. ఉదాహరణగా ‘ఇనన్నా పాతాళయాత్ర’ అనే సుమేరియన్ కావ్యాన్ని తీసుకుంటున్నాను. సుమారు 400 పంక్తుల ఈ కావ్యాన్ని సంగీతంతో కలిపి దాదాపు ఒక గంటలో చెప్పవచ్చు.

మొదటి మెట్టు: కథ ఎంపిక

మెసొపొటేమియా అనగానే అందరూ గిల్గమేష్ కావ్యం వైపే చూస్తారు. అయితే అది 12 పలకల రచన. నీనెవె నగరంలోని అషూర్‌బనిపాల్ రాజు గ్రంథాలయ శిథిలాల నుంచి బయటపడ్డ ముక్కల్లో జలప్రళయ కథ ఉందని జార్జ్ స్మిత్ 1872 డిసెంబరు 3న లండన్‌లో ప్రకటించిన నాటినుంచి నేటివరకు దాని కొత్త ముక్కలు దొరుకుతూనే ఉన్నాయి. తొలి ప్రయత్నంగా అంతటి కావ్యాన్ని ఒక సాయంత్రంలోకి కుదించబోతే మిగిలేది కథాసంగ్రహమే. పిల్లల కోసమైతే పార, నాగలి తమలో ఎవరు గొప్ప అని వాదించుకునే సుమేరియన్ సంవాదం చక్కగా సరిపోతుంది. ఇద్దరు పాత్రధారులు చాలు, చివరికి పారే గెలుస్తుంది. నవ్వించాలనుకుంటే ‘నిప్పుర్ పేదవాడు’ ఉంది: తన మేకను కాజేసి అవమానించిన నగరాధికారిని గిమిల్-నినుర్తా అనే పేదవాడు మూడు వేర్వేరు ఎత్తులతో మూడుసార్లు చితకబాదే కథ ఇది. కేంబ్రిడ్జ్ విద్యార్థులు 2018లో ఈ కథను బాబిలోనియన్ భాషలోనే చిన్న చలనచిత్రంగా తీశారు.

ఇనన్నా కథను ఎంచుకోవడానికి కారణం వేరు. ఉరుక్ నగరపు దేవత ఇనన్నా తన అక్క ఎరెష్కిగల్ ఏలే పాతాళానికి దిగుతుంది. ఏడు ద్వారాల దగ్గర ఏడు ఆభరణాలు పోగొట్టుకుని, శవమై కొక్కేనికి వేలాడుతుంది. ఎన్కి దేవుడు పంపిన ఇద్దరు ఆమెను బతికిస్తారు. తన స్థానంలో మరొకరిని అప్పగించవలసి వచ్చినప్పుడు, తనకోసం ఏడవకుండా సింహాసనం మీద దర్జాగా కూర్చున్న భర్త దుముజిని చూపిస్తుంది. దారి ఒక్కటే, మెట్లు స్పష్టం, వినేవారికి ఎక్కడా తికమక ఉండదు. పైగా ఈ కావ్యం తనలోనే సంగీతాన్ని అడుగుతుంది. బయలుదేరే ముందు ఇనన్నా తన మంత్రిణి నిన్షుబుర్‌కు చెప్పే మాటలు చూడండి: శిథిలాల దిబ్బల మీద నాకోసం విలపించు, సభలో నాకోసం డోలు కొట్టు, దేవుళ్ల ఇళ్ల చుట్టూ నాకోసం తిరుగు.

రెండో మెట్టు: పాఠాన్ని సమకూర్చుకోవడం

ఈ కావ్యం ప్రధానంగా నిప్పుర్ నగరంలో, క్రీ.పూ. 18వ శతాబ్ది ప్రాంతంలో, రాయసకాండ్ర పాఠశాలల విద్యార్థులు రాసుకున్న ప్రతుల ద్వారా మనకు దక్కింది. ఒకే పలక పైభాగం ఇస్తాంబుల్‌లో, కింది భాగం ఫిలడెల్ఫియాలో ఉండిపోగా, ఆ రెండూ ఒకదానికొకటి అతుకుతాయని ఎడ్వర్డ్ కియెరా గుర్తించాడు. ఆ తరువాత శామ్యూల్ నోవా క్రేమర్ దశాబ్దాలపాటు ముక్క ముక్క చేర్చి కథను పూర్తిచేశాడు. 1930ల వరకు ఈ కావ్యం రెండో సగం ఎలా నడుస్తుందో ప్రపంచానికి సరిగా తెలియదు. ప్రదర్శనకు ముందు ప్రేక్షకులకు పలకల చరిత్రలో చెప్పదగ్గ సంగతి ఇదొక్కటే అని నా ఉద్దేశం. చరిత్ర ఉపన్యాసం మూడు నిమిషాలు దాటితే కథ వినే చెవి మొద్దుబారుతుంది.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రూపొందించిన సుమేరియన్ సాహిత్య భాండాగారం అంతర్జాలంలో ఉచితంగా లభిస్తుంది. అందులో దాదాపు 400 రచనల మూలపాఠం రోమన్ లిపిలోనూ, దాని ఆంగ్ల వచనానువాదం పక్కనూ ఉంటాయి. అక్కాదియన్ రచనలకైతే మ్యూనిక్ విశ్వవిద్యాలయం నడిపే బాబిలోనియన్ గ్రంథాలయం ఉంది. ఒక్క అనువాదం మీద ఆధారపడకుండా కనీసం రెండింటిని పంక్తి పంక్తికీ పోల్చి చూసుకోవాలి. రెండూ ఒకే మాట చెప్పినచోట నమ్మకంగా తెలుగు చేయవచ్చు. విడిపోయినచోట మూలం విరిగి ఉండటమో, పదం అర్థం సందిగ్ధం కావడమో కారణమై ఉంటుంది కాబట్టి అక్కడ అలంకారాలు పెంచకుండా సాదాగా చెప్పాలి. నాలుగువేల ఏళ్ల నాటి మూలం ఎవరి సొత్తూ కాదు గాని, ఆధునిక అనువాదం అనువాదకుడి సొత్తే. భారతదేశ చట్టం ప్రకారం ఆ హక్కు రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరాల దాకా నిలిచి ఉంటుంది. క్రేమర్ 1990లో మరణించాడు. కాబట్టి అచ్చయిన అనువాదాన్ని మక్కికి మక్కి తెలిగించి బహిరంగంగా చదవాలంటే అనుమతి తీసుకోవాలి, లేదా కథాక్రమాన్ని ఆకళించుకుని మీ మాటల్లో మీరే కట్టుకోవాలి.

పలక విరిగిపోయి పంక్తులు లేనిచోట ఏం చేయాలన్న ప్రశ్న తప్పక వస్తుంది. అక్కడ కథకుడు ఆగి, ‘ఇక్కడ పలక విరిగింది’ అని చెప్పి ముందుకు సాగిపోవడం మంచిది. కల్పించి పూడ్చిన వంతెన ఎంత బాగున్నా అది ఆ కవిది కాదు, పైగా వినేవారు ఆ విరుపును ఇష్టంగానే స్వీకరిస్తారు.

మూడో మెట్టు: పునరుక్తిని కాపాడుకోవడం

ఈ పనిలో నేను అన్నిటికంటే ముఖ్యమని భావించే మెట్టు ఇదే. అచ్చులో చదివే పాఠకుడికి సుమేరియన్ కావ్యం విసుగు పుట్టిస్తుంది, ఎందుకంటే చెప్పిందే చెబుతుంది. అందువల్ల వేదిక కోసం సంక్షిప్తం చేసేవారు మొట్టమొదట పునరుక్తుల మీదే కత్తెర పెడతారు. అలా కత్తిరిస్తే కథ మిగులుతుంది, పాట పోతుంది.

కావ్యం మొదటి మూడు పంక్తులను గమనించండి. సుమేరియన్‌లో మొదటి పంక్తి తెలుగు లిపిలో సుమారుగా ఇలా ఉంటుంది: అన్ గల్‌త కి గల్‌షె ఙెష్తుగ్‌గని నన్‌గుబ్. దాని తెలుగు, తరువాతి రెండు పంక్తులతో కలిపి:

మహాకాశం నుంచి మహాపాతాళం మీదికి మనసు మళ్ళింది.
దేవత, మహాకాశం నుంచి మహాపాతాళం మీదికి మనసు మళ్ళింది.
ఇనన్నా, మహాకాశం నుంచి మహాపాతాళం మీదికి మనసు మళ్ళింది.

ఎవరి మనసో మొదటి పంక్తి చెప్పదు, రెండోది దేవత అంటుంది, మూడోది పేరు పెట్టి పిలుస్తుంది. పల్లవిని ఒక్కో సంగతి పెంచుతూ పాడే మన గాయకులకు ఈ కట్టు విడమరచి చెప్పనవసరం లేదు. మొదటి పంక్తిని కథకుడు ఒక్కడే మంద్రంలో, రెండో పంక్తిని ఒక వంతను కలుపుకుని, మూడో పంక్తిని ముగ్గురూ కలిసి పాడితే కవి అనుకున్న ఎత్తు దానంతట అదే వస్తుంది.

ఆ వెంటనే ఆమె విడిచిపెట్టిన ఆలయాల జాబితా వస్తుంది. ఉరుక్‌లో ఈ-అన్నాను విడిచింది, పాతాళానికి దిగింది. బద్-తిబిరాలో ఎముష్-కలమాను విడిచింది, పాతాళానికి దిగింది. జబలంలో గిగునాను విడిచింది, పాతాళానికి దిగింది. ఇలా అదబ్, నిప్పుర్, కిష్, అగాదే దాకా. ప్రేక్షకులకు ఈ ఊళ్లేవీ తెలియవు కదా అని తీసేయవద్దు. కథకుడు ఊరి పేరు, గుడి పేరు పలుకుతాడు; ‘పాతాళానికి దిగింది’ అన్న మాటను వంతలు అందుకుంటారు; నాలుగో ఊరు వచ్చేసరికి సభ కూడా అందుకుంటుంది. అలా అందుకునే అలవాటు ఇక్కడే పడితే, తరువాత ద్వారాల దగ్గర అది పనికివస్తుంది.

నిన్షుబుర్ మొర ఈ కావ్యంలో ఆరుసార్లు వస్తుంది. ఎన్లిల్, నన్నా, ఎన్కి అనే ముగ్గురు దేవుళ్ల దగ్గర ఏమని మొరపెట్టుకోవాలో ఇనన్నా ముందుగా నేర్పినప్పుడు మూడుసార్లు, నిన్షుబుర్ నిజంగా వెళ్లి మొరపెట్టుకున్నప్పుడు మూడుసార్లు.

తండ్రీ ఎన్లిల్, నీ కూతురిని పాతాళంలో చంపనీయకు.
నీ మేలిమి లోహాన్ని పాతాళపు మట్టిలో కలవనీయకు.
నీ నీలిరాయిని రాళ్లు కొట్టేవాడి రాయిలా పగలనీయకు.
నీ మేలిరకం కలపను వడ్రంగి కట్టెలా నరకనీయకు.

ఆరూ ఒకేలా పాడితే మాత్రం నిజంగానే విసుగే. నేర్పే మూడింటినీ ఇనన్నా గొంతుతో, తాళం లేకుండా, రహస్యం చెప్పినట్టు వేగంగా చెప్పాలి. మొరపెట్టే మూడింటినీ నిన్షుబుర్ గొంతుతో పూర్తిగా పాడాలి. నిప్పుర్‌లో ఎన్లిల్ కాదన్న తరువాత ఉర్‌లో నన్నా దగ్గర శ్రుతి కొంచెం పైకి, ఎరిదులో ఎన్కి దగ్గర ఇంకొంచెం పైకి వెళ్లాలి. ఆమె అలసటా ఆత్రుతా ఆ ఎక్కడంలోనే వినిపిస్తాయి. నటన అదనంగా అవసరం ఉండదు. నీలిరాయి అన్నది నేటి అఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల నుంచి మెసొపొటేమియాకు చేరిన లాపిస్ లాజులి. అంత దూరం నుంచి వచ్చిన రాయి అని కథకుడు ఒక్క మాట అంటే ఆ పోలిక బరువు తెలుస్తుంది.

నాలుగో మెట్టు: తెలుగు కట్టడం

సుమేరియన్ పద్యానికి ఛందస్సు ఏమిటో తేలలేదు. కనిపించేది పంక్తికి పంక్తి జతకూడే సమాంతర రచన. మన ద్విపదకు ఆ జంట నడక సహజమే గాని, ద్విపదలో ప్రాస నియమం ఉంది. ప్రాస కోసం మాట మార్చారంటే పునరుక్తి చెడుతుంది. ప్రాస అక్కరలేని మంజరీ ద్విపదలో కట్టుకుంటే నడకా మిగులుతుంది, మాటా మిగులుతుంది. అది కూడా కష్టమనిపిస్తే నాలుగు మాత్రల గతిలో నడిచే వచనగేయం చాలు. వృత్తాల జోలికి పోవద్దు. వాటి గాంభీర్యం మాటను మింగేస్తుంది.

కొన్ని పంక్తులు తెలుగులోకి తేలికగా ఒదుగుతాయి. పాతాళం నుంచి ఇనన్నా వెంట వచ్చే గల్లా అనే భటుల వర్ణన అలాంటిది: అన్నమెరుగరు, నీళ్లెరుగరు, చల్లిన పిండి ముట్టరు, పోసిన నీళ్లు తాగరు. ఇలాంటివాటిని ఉన్నదున్నట్టు ఉంచాలి. పేర్లను మాత్రం మార్చకూడదు. ఇనన్నాను అమ్మవారిని చేసి, ఎరెష్కిగల్‌ను మృత్యుదేవతగా తెలుగుపేరుతో పిలిచి, ఎన్కిని వరుణుడంటే ప్రేక్షకులకు దగ్గరవుతుందని కొందరు భావిస్తారు. అలా చేస్తే తెలిసిన కథే మళ్ళీ విన్నట్టు ఉంటుంది గాని ఉరుక్ నగరం వినిపించదు. ‘మే’ అన్న మాటను, అంటే లోకాన్ని నడిపే దైవశక్తులను, అలాగే ఉంచి మొదటిసారి వచ్చినప్పుడు వివరించడం మేలు. పలుకుబడి విషయంలో మనకు ఒక సౌకర్యం ఉంది: సుమేరియన్‌లోని ఒక అనునాసికానికి మన ‘ఙ’ సరిగ్గా సరిపోతుంది, హ్రస్వదీర్ఘాలు మన లిపిలో స్పష్టంగా రాసుకోవచ్చు. మొదటి మూడు పంక్తులను, చివరి ఒక్క పంక్తిని మూలభాషలో కూడా పాడితే చాలు; అంతకు మించి పాడితే సభ వినడం మానేసి ఆశ్చర్యపోవడం మొదలుపెడుతుంది.

ఐదో మెట్టు: సంగీతంలో తెలిసినదెంత, మనదెంత

ఇనన్నా పాతాళయాత్రకు వరుస ఏదీ మిగలలేదు. ఈ మాట ప్రదర్శన మొదట్లోనే చెప్పాలి. సిరియా తీరంలోని ఉగారిట్‌లో దొరికిన, సుమారు క్రీ.పూ. 1400 నాటి నిక్కల్ దేవత స్తుతికి సంగీత సంకేతాలు ఉన్న మాట నిజమే. కాని అది హుర్రియన్ భాషలోని పాట, పైగా దాన్ని చదివిన పండితులు ఒక్కొక్కరు ఒక్కో వరుస ఇచ్చారు. దాన్ని తెచ్చి ఇనన్నాకు అతికించి ‘నాలుగువేల ఏళ్లనాటి రాగం’ అని ప్రకటించడం అసత్యం.

తెలిసినది మరోవైపు ఉంది. లెనార్డ్ వూలీ 1922 నుంచి 1934 వరకు ఉర్‌లో జరిపిన తవ్వకాల్లో, క్రీ.పూ. 2500 ప్రాంతపు రాజసమాధుల్లో ఎద్దు తలలు అమర్చిన లైర్ అనే తంత్రీవాద్యాలు బయటపడ్డాయి. వాటి కొయ్య పూర్తిగా చీకిపోయి నేలలో ఖాళీలు మాత్రం మిగిలితే, వూలీ ఆ ఖాళీల్లోకి ప్లాస్టర్ పోయించి ఆకారాలను రాబట్టాడు. వాటిలో ఒకటి బాగ్దాద్‌లో, కొన్ని లండన్, ఫిలడెల్ఫియా మ్యూజియంలలో ఉన్నాయి; బాగ్దాద్‌లోనిది 2003లో మ్యూజియం లూటీ అయినప్పుడు బాగా దెబ్బతింది. ఉర్‌లోనే దొరికిన, నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పొదుగుచిత్రాల పెట్టె పై వరుసలో విందు జరుగుతుండగా ఒకడు ఎద్దుతల లైర్ పట్టుకుని నిలబడితే, పక్కనే పొడవాటి జుట్టు వేలాడుతున్న గాయకుడు కనిపిస్తాడు. గొంతు, దాని వెంట తంత్రి: మీ బృందానికి ఇంతకంటే ప్రమాణం అక్కరలేదు.

లైర్‌లో మెట్లుండవు, తీగలన్నీ ఖాళీగా మోగుతాయి. అందుకని వీణ, సితార్‌ల కంటే స్వరమండల్ (పెట్టె మీద తీగలు బిగించిన హిందూస్తానీ వాద్యం) దీనికి దగ్గర ప్రత్యామ్నాయం. గమకాలను బాగా తగ్గించి, తీగను మీటి దాని నాదం ఆరేదాకా ఆగడం అలవాటు చేసుకోవాలి. రాగాల వంటి అరబిక్ మకామ్‌లు, ఊద్ వాద్యపు రికార్డులు వెనక వేసి ఎడారి వాతావరణం తేవాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఇరాకీ మకామ్ గొప్ప సంప్రదాయమే గాని, ఇనన్నా కథకు దానికి మధ్య వేల సంవత్సరాల దూరం ఉంది. అదీగాక సుమేరు ఎడారి కాదు, కాలువలూ రెల్లుపొదలూ ఖర్జూరతోటలూ ఉన్న నేల.

ఆరో మెట్టు: తంత్రులను శ్రుతి చేయడం

ఉర్‌లో దొరికి, 1968లో ఆలివర్ గర్నీ ప్రచురించిన ఒక చిన్న పలక, సుమారు క్రీ.పూ. 18వ శతాబ్దిది, తొమ్మిది తీగల వాద్యాన్ని ఒక శ్రుతి నుంచి మరొక శ్రుతికి మార్చే పద్ధతి చెబుతుంది. దాని తర్కం ఇది: వాద్యం ఫలానా శ్రుతిలో ఉన్నప్పుడు ఫలానా తీగల జత ‘స్వచ్ఛంగా లేదు’; ఫలానా తీగను సవరించు, అప్పుడు ఆ జత స్వచ్ఛమవుతుంది, వాద్యం తరువాతి శ్రుతిలోకి వస్తుంది. ఇలా ఏడు శ్రుతులు. వాటికి ఇషర్తుమ్, కిత్ముమ్, ఎంబూబుమ్, పీతుమ్ వంటి పేర్లు.

కర్ణాటక సంగీతం తెలిసినవారు దీన్ని స్వరమండల్ మీద చేసి చూడవచ్చు. షడ్జం నుంచి పంచమం, పంచమం నుంచి కింది రిషభం, రిషభం నుంచి ధైవతం, ధైవతం నుంచి గాంధారం, గాంధారం నుంచి నిషాదం, ఇలా షడ్జ-పంచమ, షడ్జ-మధ్యమ సంవాదాలతోనే శ్రుతి చేసుకుంటూ వెళ్లి, షడ్జం నుంచి శుద్ధ మధ్యమాన్ని కూడా పట్టుకుంటే శంకరాభరణం వస్తుంది. అందులో మధ్యమ-నిషాదాల జత ఒక్కటే బేసురుగా మోగుతుంది. నిషాదాన్ని ఒక స్వరస్థానం దించితే ఆ జత శుద్ధమై హరికాంభోజి వస్తుంది, కాని ఇప్పుడు గాంధార-నిషాదాల జత చెడుతుంది. గాంధారం దించితే ఖరహరప్రియ, ధైవతం దించితే నఠభైరవి, రిషభం దించితే తోడి, చివరికి పంచమమే దించవలసి వచ్చి మేళకర్తల్లో చోటు లేని ఒక వరుస వస్తుంది. మొదటికి తిరిగి వచ్చి శంకరాభరణపు మధ్యమాన్ని పెంచితే కల్యాణి. మొత్తం ఏడు. గ్రహభేదం చేసి ఇవే ఏడింటిని రాబట్టే మన గాయకులకు ఉర్ పలక పరాయిది అనిపించదు. అయితే ఏ బాబిలోనియన్ పేరుకు ఏ మేళం అని జతకట్టి చెప్పవద్దు. తొమ్మిది తీగలు మంద్రం నుంచి పైకి వెళతాయా, పైనుంచి కిందికా అన్నదాని మీదే పండితుల లెక్కలు ఒకసారి తలకిందులయ్యాయి. పద్ధతి వారిది, రాగం పేరు మనది అని చెప్పుకోవడం నిజాయితీ.

ఏడో మెట్టు: ఏడు ద్వారాల దగ్గర

పాతాళంలో ద్వారపాలకుడి పేరు నేతి. మొదటి ద్వారం దగ్గర ఇనన్నా తలపాగా తీసేస్తారు. తరువాత మెడలోని నీలిరాళ్ల పూసలు, రొమ్ము మీది జంట గుడ్డురూపపు పూసలు, ‘రావయ్యా, మగవాడా, రా’ అనే పేరున్న రొమ్ముపతకం, చేతి బంగారు కడియం, కొలబద్ద కొలతాడు, చివరికి రాణితనపు పలా వస్త్రం. ప్రతిసారీ ఆమె అడిగేది ఒకే ప్రశ్న, వచ్చేది ఒకే జవాబు:

ఇదేమిటి?
ఊరుకో ఇనన్నా, పాతాళపు మే ఒకటి నెరవేరింది. పాతాళపు ఆచారాలకు ఎదురు నోరు విప్పకు.

ఇక్కడ ఏడు వస్తువులకు ఏడు స్వరాలను జతచేయమని నా సూచన. అప్పటిదాకా ఖరహరప్రియలో నడిచిన పాట మొదటి ద్వారం దగ్గర ధైవతాన్ని పోగొట్టుకోవాలి. రెండో ద్వారం దగ్గర గాంధారం పోతుంది. మిగిలిన అయిదు స్వరాలూ మధ్యమావతి కాబట్టి వినేవారికి ఒక్క క్షణం హాయిగానే ఉంటుంది, ఆ హాయిని వాడుకోవాలి. మూడో ద్వారం దగ్గర నిషాదం, నాలుగో దగ్గర రిషభం, అయిదో దగ్గర మధ్యమం పోతే షడ్జ పంచమాలు మిగులుతాయి. ఆరో ద్వారం దగ్గర పంచమం, ఏడో దగ్గర షడ్జం. స్వరమండల్ వాయించేవారు ఒక్కో ద్వారం దగ్గర ఆ స్వరపు తీగను వేలితో అదిమి సభకు కనిపించేలా మూయాలి. శ్రుతికి తంబురా పెట్టుకుని ఉంటే ఏడో ద్వారం తరువాత అది కూడా ఆగిపోవాలి. ‘ఇదేమిటి’ అన్న చివరి ప్రశ్నను ఇనన్నా పాడకుండా మాట్లాడాలి. సభ చేత జవాబు చెప్పించాలనుకుంటే రెండో ద్వారం నుంచి మొదలుపెట్టి ఆరో ద్వారంతో ఆపాలి. ఏడో జవాబు నేతి ఒక్కడిదే.

ఇదంతా మన కూర్పేనని, పలకలో లేదని ముందే చెప్పి ఉంటాం కాబట్టి ఇబ్బంది లేదు. ఒక్క జాగ్రత్త: ఇదే కథను తరువాతి కాలంలో అక్కాదియన్‌లో చెప్పిన ‘ఇష్తార్ పాతాళయాత్ర’లో, తిరుగుప్రయాణంలో ఒక్కో ద్వారం దగ్గర ఒక్కో వస్తువు తిరిగి ఇస్తారు, సుమేరియన్ కావ్యంలో ఆ జాబితా లేదు. కాబట్టి స్వరాలను ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చే మోజు వదులుకోవాలి.

ఎనిమిదో మెట్టు: మూలుగు, భటులు, ముగింపు

ఎన్కి తన వేలిగోటి మట్టి తీసి కుర్గర్రా, గలతుర్రా అనే ఇద్దరిని చేస్తాడు. వీరిద్దరూ ఈగల్లా తలుపుసందుల్లోంచి దూరి ఎరెష్కిగల్ దగ్గరికి చేరతారు. ఆమె ఒంటి మీద వస్త్రం లేకుండా, జుట్టు ఉల్లికాడల్లా చెదిరి, పడుకుని మూలుగుతూ ఉంటుంది. ‘అయ్యో, నా లోపల’ అని ఆమె అంటే, ‘అయ్యో, నీ లోపల’ అని వీరంటారు. ‘అయ్యో, నా వెలుపల’ అంటే ‘అయ్యో, నీ వెలుపల’. తన బాధను ఎవరో తిరిగి పలికినందుకే పాతాళపు రాణి కరిగి వరమిస్తానంటుంది; నది ఇస్తానన్నా పొలం ఇస్తానన్నా వద్దని, కొక్కేనికి వేలాడుతున్న శవాన్ని అడిగి తీసుకుంటారు. సుమేరు గుళ్లలో ‘గలా’ అనేవారు వృత్తిగా విలాపాలు పాడేవారు. గలతుర్రా పేరులో ఉన్నది ఆ గలాయే. అంటే కథ మలుపు తిరిగేది ఒక వంత పాట మీద. ఇద్దరు వంతలకు ఈ సాయంత్రంలో ప్రాణం పోసే ఘట్టం ఇదే కాబట్టి తొందరపడకూడదు, తాళం ఉండకూడదు, నవ్వు తెప్పించే వెక్కిరింపు అసలే ఉండకూడదు. వంత గొంతు కథకుడి గొంతు కంటే ఒక పాలు తగ్గి, అదే స్వరం మీద ఆగాలి.

గల్లాలు ప్రవేశించాక తాళం తిరిగి రావాలి. మెసొపొటేమియా శిల్పాల్లో చట్రానికి తోలు బిగించిన డోళ్లు కనిపిస్తాయి కనుక కంజిరను కాస్త తడిపి మంద్రంగా వాయిస్తే సరిపోతుంది. డప్పు ఇంకా గట్టిగా పలుకుతుంది గాని, మన ఊళ్లలో చావుడప్పు విన్న చెవికి అది వెంటనే వేరే వీధిని గుర్తుచేస్తుంది. అప్పుడు కథ తాను నడవవలసిన ఉమ్మా, బద్-తిబిరా, కులబా ఊళ్లు దాటి ఎక్కడికో పోతుంది. మంత్రిణి నిన్షుబుర్, షరా, లులల్ అనే దేవుళ్లు, ఈ ముగ్గురూ దుఃఖంతో మట్టిలో పొర్లుతూ ఎదురైనప్పుడు ఇనన్నా వారిని అప్పగించదు. నాలుగోవాడు, కులబా మైదానంలో పెద్ద ఆపిల్ చెట్టు కింద మంచి బట్టలు కట్టుకుని కూర్చున్న దుముజి. మొదటి ముగ్గురి దగ్గరా డోలు ఆగి ఆగి నడవాలి, దుముజి దగ్గర అసలు ఆగకూడదు.

చివరికి దుముజి అర్ధసంవత్సరం, అతని సోదరి గెష్తినన్నా అర్ధసంవత్సరం పాతాళంలో ఉండాలన్న తీర్పుతో కథ ముగుస్తుంది. కావ్యపు ఆఖరి పంక్తి స్తుతించేది ఇనన్నాను కాదు, ఎరెష్కిగల్‌ను: పవిత్ర ఎరెష్కిగల్, నీ స్తుతి మధురం. స్త్రీశక్తి గురించో రుతుచక్రం గురించో వ్యాఖ్యానం జోడించాలన్న ఆకర్షణ ఇక్కడ బలంగా ఉంటుంది. ఆ పంక్తి పాడి ఆపేయండి.

సాధన, వేదిక ఏర్పాట్లు

కథకుడు పాఠాన్ని బట్టీ పట్టడం కంటే స్థలాల వరుసను పట్టుకోవాలి: ఉరుక్, గంజెర్ అనే పాతాళపు ద్వారం, ఏడు తలుపులు, నిప్పుర్, ఉర్, ఎరిదు, మళ్ళీ పాతాళం, ఉమ్మా, బద్-తిబిరా, కులబా. మారని పంక్తులను మాత్రం అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చేయాలి, ఎందుకంటే కథకుడు ఒక్క మాట మార్చినా వంతలు తడబడతారు. స్వరమండల్ నాదం చిన్నది కాబట్టి దానికి వేరే మైకు పెట్టాలి, తీగలు మూసే చేయి కనిపించేలా దీపం అమర్చాలి. తెర మీద మ్యూజియం బొమ్మలు వేయాలంటే ఆయా మ్యూజియంల అనుమతి నిబంధనలు ముందుగా చూసుకోవాలి. ఒక పటం తప్ప మరేమీ వేయకపోతే ఇంకా మంచిది. పదేళ్లలోపు పిల్లలు వచ్చే సభ అయితే, కొక్కేనికి వేలాడే శవం సంగతి తల్లిదండ్రులకు ముందే తెలియజేయాలి.

ఒకసారి ఇది కుదిరిన బృందం తరువాత ‘ఉర్ విలాపం’ ఎత్తుకోవచ్చు. క్రీ.పూ. 2004 ప్రాంతంలో తూర్పు పొరుగువారైన ఎలామీయుల చేతిలో కూలిన ఉర్ నగరం కోసం, ఆ ఊరి దేవత నింగల్ ఏడ్చిన ఏడుపు అది. అందులో 11 ‘కిరుగు’లు, అంటే ఖండికలు ఉన్నాయి, వాటి మధ్య బదులు పాటలను రాయసకాండ్రే గుర్తుపెట్టి ఇచ్చారు. కథ దాదాపు ఉండదు కాబట్టి బరువంతా వంతల మీద పడుతుంది. ఇద్దరు చాలరు, కనీసం నలుగురిని సిద్ధం చేసుకోవాలి.